చల్లార్చిన దుఃఖం

సూపు గిన్నెలోంచి చెంచాతో కాస్త తీసి ముంజేతి మీద ఒక చుక్క వేసుకుంది సలోమి. చుర్రుమంది. గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి మెల్లగా తిప్పసాగింది.

"ఈ సూపు నాకా, నా తర్వాత వచ్చే ముసలిదానికా?" అంది మంచం మీంచి రివ్కా.

"నీకే సవ్తా. కాస్త చల్లారనీ. మొన్న నాలిక కాల్చుకుని నన్ను తిట్టిన తిట్లు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి."

"నాకు చెవులు వినపడవు కదా. ఎంత గట్టిగా తిట్టానో నాకేం తెలుసు?"

సవ్తా అంటే ఆ దేశపు మాటలో నాయనమ్మా, అమ్మమ్మా రెండూను. రాజోలు పక్కన లంక ఊళ్ళో పుట్టిన సలోమి, మొగుడు పోయాక, ముసలివాళ్ళకు సేవ చేసే పని మీద ఇజ్రాయెల్ దేశంలోని హైఫా చేరింది. అప్పటినుంచీ రివ్కా ఇంట్లోనే ఉంది. ముసలమ్మకు నీళ్ళు పోయడం, గోళ్ళు తీయడం, వేడన్నది చల్లార్చి, గట్టన్నది మెదిపి నోట్లో పెట్టడం ఆమె పని. వాళ్ళ భాష నేర్చుకుంది గానీ అవుననాల్సిన చోట మాత్రం "ఆయ్" అనే అనేది. వినీ వినీ రివ్కాకు కూడా అదే అలవాటైంది.

రివ్కాకు ఒక్కడే మనవడు. ఎయ్‌తాన్. తల్లిదండ్రులు విడిపోతే ఈవిడే పెంచింది. గత యుద్ధం మొదలైన రోజున అతను సరిహద్దు దగ్గర స్నేహితుడి ఇంట్లో ఉన్నాడు. తుపాకులు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరినీ వదల్లేదు. అప్పటికి సలోమి సెలవు మీద ఊళ్ళో ఉంది. తిరిగి వచ్చేసరికి ఇంట్లో అతని ఫోటో ఉంది, ముసలమ్మ మాట సగానికి సగం తగ్గింది.

యుద్ధం ఆగిన కొన్నేళ్ళకు ఆ ఇంటికి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. ఓర్లీ యూదుల మనిషి, వసీమ్ అరబ్బుల మనిషి. ఏ విషయం మీదా వాళ్ళిద్దరికీ పడేది కాదు, తాము చేసిన యంత్రం విషయంలో తప్ప. ఒకరు పడిన బాధను ఇంకొకరు పడేట్టు చేస్తుందట ఆ యంత్రం. చెబితే అర్థం కానిది పడితే అర్థమవుతుందని వాళ్ళ ఆశ.

"వస్తాను," అంది రివ్కా. "నా పిల్లాడు ఏమయ్యాడో వాళ్ళకి తెలియాలి."

కొండ దిగువ పేటలో ఉండే నజ్లా అనే ఆవిడ కూడా ఆ వారమే వస్తానంది. ఆవిడ కూతురు హనాన్ చదువుకునే రోజుల్లో గాజా కుర్రాణ్ణి చేసుకుని అక్కడికి వెళ్ళిపోయింది. అదే యుద్ధంలో, పడుకున్న ఇల్లు మీద పడి, హనాన్, ఆమె ఇద్దరు పిల్లలు పోయారు. "నా కూతురు ఏమైందో వాళ్ళకి తెలియాలి," అందట నజ్లా.

ఇద్దరూ ఇవ్వడానికే వచ్చారు. పుచ్చుకోవాలన్న ఆలోచనతో ఏ ఒక్కరూ రాలేదు.

*

మొదటిరోజు ప్రయోగశాలలో ఇద్దరినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి తలలకు టోపీలు తొడిగారు. వసీమ్ మీట నొక్కాడో లేదో, రివ్కా టోపీ పీకి నేలకేసి కొట్టింది. నజ్లా వంగి వాంతి చేసుకుంది.

"రక్తం గ్రూపు కలవకపోతే ఒళ్ళు ఎలా తిరగబడుతుందో ఇదీ అంతే," అన్నాడు వసీమ్, నజ్లాకు నీళ్ళు అందిస్తూ. "మనకి భయం ఉన్న మనిషి నుంచి వచ్చిందాన్ని మన ఒళ్ళు విషమనే అనుకుంటుంది."

"మధ్యలో ఇంకో మనిషి కావాలి," అంది ఓర్లీ. "వీళ్ళిద్దరికీ భయం లేని మనిషి. ముందు ఆ మనిషి పుచ్చుకుని, తర్వాత అవతలివాళ్ళకి ఇవ్వాలి."

రివ్కా మూల వైపు చెయ్యి చూపించింది. అక్కడ చక్రాల కుర్చీ పక్కన, మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని సలోమి కూర్చుని ఉంది.

"అదుందిగా. నా ఒంటి మీద చెయ్యి వేసేది అదొక్కతే. నా తలలోకి కూడా అదే రావాలి. ఇంకొకరైతే నేను రాను."

నజ్లా మూతి తుడుచుకుని సలోమిని కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వెవరి పక్షం?"

"నేను ముసలాళ్ళ పక్షమండి."

నజ్లా నవ్వింది. ఆ గదిలో ఎవరైనా నవ్వడం అదే మొదలు. "అయితే నన్ను ఖాల్తీ అను," అంది. ఖాల్తీ అంటే పిన్నమ్మ.

అలా సలోమి మధ్యమనిషి అయింది. మూడు కుర్చీలు వరసగా వేశారు. నజ్లా బాధ ముందు ఆమెలోకి వచ్చింది. తెలియని ఊరి సందులు, నూనె మరకలున్న వంటగట్టు, తను కనని పిల్లల జుట్టు వాసన, ఆ తర్వాత దుమ్ము. ఆ తర్వాత వచ్చినదానికి ఆమె ఊపిరి ఆగింది. ఇక దాన్ని రివ్కాకు అందించాలి.

అప్పుడు ఆమె పక్కకు చూసింది. రివ్కా కణత మీద నీలం నరం కొట్టుకుంటోంది. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి, అన్నం ముద్ద కోసం తెరుచుకున్నట్టే. ఇన్నేళ్ళుగా ఆ నోటికి చల్లార్చి పెట్టడమే అలవాటైన మనిషి ఆ క్షణాన ఏం చేసిందో ఆమెకే తెలియలేదు. బాగా కాలుతున్నదాన్ని తన దగ్గరే ఉంచుకుని, మిగిలింది ఇచ్చింది.

రివ్కా ఏడ్చింది. టోపీ తీసి నజ్లా చెయ్యి పట్టుకుంది. మరుసటి వారం వరస మారింది. ఈసారి రివ్కాది నజ్లాకు వెళ్ళాలి. నజ్లాకు రక్తపోటు ఉందని, పొద్దున్న మాత్ర వేసుకోవడం మరిచిపోయిందని సలోమికి తెలుసు. అదీ చల్లార్చే ఇచ్చింది. నజ్లా కూడా ఏడ్చింది. ముసలివాళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలారు. ఫోటోలు తీశారు. ఓర్లీ కళ్ళు తుడుచుకుంది. వసీమ్ బయటికి వెళ్ళి ఒంటరిగా సిగరెట్టు కాల్చుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం టాక్సీలో కొండ ఎక్కుతుంటే రివ్కా అంది, "పాపం, మంచి మనిషి. చాలా బాధపడింది."

"ఆయ్," అంది సలోమి.

"కానీ నిజం చెప్పనా? నాదంత కాదు. నేను అనుకున్నంత ఏమీ లేదు. ఆవిడ దానికి ఏడుపుంది. నాదానికి ఏడుపే రాదు."

ఆ తర్వాతి వారం ప్రయోగశాల గేటు దగ్గర నజ్లా, సలోమి చెంగు మీద దూది నలుసు దులుపుతూ అంది, "మీ ముసలమ్మది చూశానుగా బిన్తీ, నా బిడ్డా. పాపమే, కాదనను. కానీ ఆవిడకి పిల్లాడి సమాధి ఉంది, పువ్వులు పెట్టుకోవడానికి. నా బాధ ముందు అదెంత?"

ఇద్దరూ కలిసి కాఫీ తాగేవారు. మందుల పేర్లు చెప్పుకునేవారు. ప్రయోగం గెలిచిందని అంతా అనుకున్నారు. అవతలి దుఃఖం తన దుఃఖం కన్నా చిన్నదని ఇద్దరికీ ఇప్పుడు కళ్ళారా చూసినంత నమ్మకం. అంతకుముందు అది వట్టి అనుమానంగానే ఉండేది.

*

చల్లార్చగా మిగిలిన వేడి సలోమిలో ఉండిపోయింది.

ఆమె ఫోనును చార్జింగు నుంచి తీయడం మానేసింది. బజారుకు వెళ్ళినా సంచీలో ఒక చార్జింగు పెట్టె, దానికొక వైరు. గదిలో పగలు కూడా దీపం వెలుగుతూ ఉండాలి. మాట మాత్రం రోజురోజుకూ సన్నగిల్లి గుసగుసల్లోకి దిగిపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం సలోమి వంటింట్లో ఉండగా గంగమణి ఫోన్ చేసింది. గంగమణిది ఆర్మూరు దగ్గర ఊరు. ఆమె కూడా ఇదే ఊళ్ళో ఒక ముసలాయన దగ్గర పని చేస్తోంది.

"ఏమక్కా, ఈ వారం సుత పార్కుకు రావా? మా ముసలాయన నన్ను పెండ్లి చేసుకుంట అంటుండు. ఎనబై తొమ్మిదేండ్లు. మంచి సంబంధమేనా, చెప్పు."

"పళ్ళున్నాయా?" అంది సలోమి గుసగుసగా.

"ఏందీ?"

"పళ్ళున్నాయా అని."

"ఏందక్కా, దొంగలెక్క మాట్లాడుతున్నవు? పక్కన ఎవలన్న ఉన్నరా? గట్టిగ మాట్లాడు, ఇనవడ్తలేదు."

సలోమి చేతిలోంచి ఫోను జారిపోయింది.

ఆమె వంటింట్లో లేదు. రివ్కా రాత్రీ పగలూ ఊహించుకునే చీకటి గదిలో, బట్టల బీరువాలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఉంది. బయట బూట్ల చప్పుడు. చెవి దగ్గర ఫోనులో సవ్తా గొంతు. "ఏంటి నాన్నా? వినపడటం లేదు. గట్టిగా మాట్లాడు. ఎయ్‌తాన్, గట్టిగా మాట్లాడు." పిల్లాడు నాయనమ్మ మాట ఎప్పుడూ జవదాటలేదు. గట్టిగా మాట్లాడాడు. బూట్ల చప్పుడు ఆగింది.

రివ్కా ఆ మాట కొడుక్కి చెప్పలేదు, పోలీసులకు చెప్పలేదు. దేవుడికైనా చెప్పిందో లేదో. యంత్రం మాత్రం దాన్ని లాగి సలోమిలో పోసింది. సలోమి దాన్ని నజ్లాకు ఇవ్వలేదు. నీళ్ళు పోసేటప్పుడు ముసలమ్మ ఒంటి మీద తువ్వాలు కప్పే మనిషి ఆమె. అలాంటిది పరాయి మనిషి ముందు ఎలా విప్పుతుంది?

నేల మీద ఫోనులోంచి గంగమణి, "అక్కా, ఓ అక్కా, పెండ్లి మాట నవ్వులాటకన్ననే," అంటూనే ఉంది.

*

తేడాను పట్టుకున్నది వసీమ్. సలోమిని పక్కకు పిలిచి తెర మీద గీతలు చూపించాడు. నజ్లా నుంచి బయల్దేరినప్పుడు గీత తెర పై అంచును తాకింది. రివ్కా దగ్గర దిగినప్పుడు అందులో మూడో వంతు కూడా లేదు.

"మధ్యలో ఏం చేస్తున్నారు మీరు?"

"చల్లారుస్తున్నానండి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కోప్పడదామనుకున్నట్టున్నాడు, కోప్పడలేకపోయాడు.

"వాళ్ళిద్దరిలో ఎవరిది దాచారు?"

"ఇద్దరిదీనండి. పెద్దవాళ్ళు, తట్టుకోలేరని."

"మీది కాని జ్ఞాపకం మీలో పాతబడదు సలోమీ. మన బాధైతే పదిమందికీ చెప్పుకుంటాం, చెప్పగా చెప్పగా అరుగుతుంది. ఇది అరగదు. ఎవరికి చేరాలో వాళ్ళకి చేరేదాకా మీలో పచ్చిగానే ఉంటుంది. రెండూ దించుకోవాలి మీరు. లేకపోతే బతికినంతకాలం ఇంతే."

ఇంటికి వెళ్ళి రివ్కా మంచం పక్కన కింద కూర్చుంది సలోమి. ముసలమ్మ మంచి చెవి వైపుకు జరిగి, "సవ్తా, నేను నీకు ఖాల్తీది మొత్తం ఇవ్వలేదు. వేడిది తీసేసి ఇచ్చాను," అంది.

రివ్కా తల తిప్పి ఆమె వైపు చూసింది.

"నాకు పళ్ళు లేవని మెదిపి పెట్టావా?"

"ఆయ్."

"నేను పెంచిన పిల్లాణ్ణి నేనే పూడ్చి వచ్చాను. నువ్వు నాకు మెదిపి పెడతావా? నా వయసు గుండెకి కదా, మనసుకి కాదుగా. రేపు తీసుకెళ్ళు. మొత్తం పెట్టు."

మర్నాడు ప్రయోగశాలలో ఓర్లీ వద్దంది. గుండె తట్టుకోదంది. "నా గుండె గురించి మాట్లాడే హక్కు దాన్ని మోస్తున్న నాకే ఉంది," అని రివ్కా తనే టోపీ తీసి తలకు పెట్టుకుంది. నజ్లాను పిలవాల్సిన పని లేకపోయింది. ఇవ్వాల్సింది సలోమి దగ్గరే ఉంది.

ఈసారి ఆమె దేన్నీ ఆపలేదు.

గాజాలో, కూలిన ఇంటి మీద, హనాన్ భర్త బిలాల్ వంటగిన్నెతో మట్టి తోడుతున్నాడు. కరెంటు లేదు. ఉన్నది అతని ఫోను లైటు ఒక్కటే. ఆ ఫోనులోనే అత్తగారు, హైఫాలో తన వంటింట్లో నిలబడి, వీడియోలో చూస్తోంది. రెండు రాళ్ళ మధ్య హనాన్ చెయ్యి కనపడింది. వేళ్ళు కదులుతున్నాయి. "అత్తా, చార్జింగు అయిపోతోంది," అన్నాడు బిలాల్. "ఫోను పెట్టేస్తే లైటు ఇంకాసేపు వస్తుంది. పెట్టెయ్యనా?" నజ్లా అంది, "వద్దు. దాన్ని చూడనీ. ఇంకొక్క నిమిషం నన్ను చూడనీ." అతను పెట్టెయ్యలేదు. ఆమె చూసింది. తర్వాత తెర నల్లబడింది. అక్కడా అంతా చీకటైపోయింది. చీకట్లో చేతులతో తడుముతూ తవ్విన అతనికి తెల్లవారాక ఆ చెయ్యి మళ్ళీ దొరికింది. అప్పటికి వేళ్ళు కదలడం లేదు.

టోపీ తీసేసరికి రివ్కా కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏడవలేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిలో ఏదో పట్టుకున్నట్టు చూసుకుంటోంది.

సలోమికి మాత్రం ఒళ్ళు తేలికైంది. ఆ రాళ్ళు, ఆ లైటు, పేపర్లో చదివిన సంగతిలా దూరంగా జరిగాయి. అంత సుఖంగా ఉన్నందుకు ఆమెకు సిగ్గేసింది.

*

రివ్కా అన్నం మానలేదు, మందులు మానలేదు. మాట మానేసింది. ఇలా మొత్తం పుచ్చుకున్న జంటలు ప్రయోగశాలలో మరో రెండు మూడు ఉన్నాయని, వాళ్ళెవరూ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదని తర్వాత తెలిసింది. ఓర్లీ, వసీమ్ సలోమిని పిలిచి కుర్చీ వేశారు.

"నువ్వు చేసిందే సరైంది," అంది ఓర్లీ. "చల్లార్చింది పుచ్చుకున్నవాళ్ళు కలిసి కూర్చుంటున్నారు, కలిసి తింటున్నారు. మొత్తం పుచ్చుకున్నవాళ్ళు ఇల్లు కదలడం లేదు. ఇకమీదట మధ్యమనుషులందరికీ ఇలా చల్లార్చడం నేర్పించాలనుకుంటున్నాం. నువ్వే నేర్పాలి."

సలోమి వసీమ్ వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మీరు కూడా అదే అంటారాండీ?"

"కలిసి కాఫీ తాగే ఇద్దరు, ఏమీ లేనిదానికన్నా నయం," అన్నాడతను, ఇటు తిరక్కుండానే.

"కలిసి తాగుతారండి. తాగి ఇంటికెళ్ళి, అవతలివాళ్ళది చిన్నదనుకుంటారు."

సలోమి లేవబోయి ఆగింది.

"మరి మిగిలింది ఆ మధ్యమనుషులు ఎక్కడ పెట్టుకుంటారండీ?"

"ఎక్కువకాలం ఉంచం," అంది ఓర్లీ. "కొన్ని నెలలకి మనుషుల్ని మారుస్తాం. నేపాల్ నుంచి, శ్రీలంక నుంచి, మీ వైపు నుంచి కూడా చాలామంది వస్తామంటున్నారు. పని అయ్యాక వాళ్ళ దేశాలకి వాళ్ళు వెళ్ళిపోతారుగా."

ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే సలోమికి తిట్టడానికి వీలుండేది. ఆ మాట మామూలుగానే అంది, వాడిన దూదిని ఎక్కడ పారెయ్యాలో చెప్పినట్టు.

"నా వల్ల కాదండి," అని లేచింది సలోమి. మరుసటి వారం ఆ పనికి గంగమణి కుదిరింది. ముసలాయన పెళ్ళి గోల కన్నా ఇదే నయమంది.

*

కొన్నాళ్ళకు రివ్కా నోరు విప్పింది. "నజ్లాని రమ్మను."

నజ్లా మంచి బట్టలు కట్టుకుని, తన చేత్తో చేసిన ఖర్జూరం బిస్కత్తులు పట్టుకుని వచ్చింది. రివ్కా ఎదుట కుర్చీలో కూర్చుంది. రివ్కా ఆమె చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది, ఫోను పట్టుకున్న చేతులవి.

"ఇంకొక్క నిమిషం చూడనీ అన్నావు," అంది రివ్కా.

నజ్లా ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. సలోమి వైపు తిరిగింది. సలోమి తల దించుకుంది.

"నిన్ను తప్పు పట్టడానికి పిలవలేదు," అంది రివ్కా. "నేనైనా అంతే అనేదాన్ని. ఆ లైటు ఆర్పింది నేనే అనిపిస్తోంది. కళ్ళు మూస్తే నీ కూతురి వేళ్ళు. నా పిల్లాడి ముఖం కోసం వెతుకుతున్నాను, రావట్లేదు. ఉన్న కాస్త చోటూ నీవాళ్ళే ఆక్రమించేశారు." ఆ మాట తనకే ఎలా వినిపించిందో, ఆగి, మళ్ళీ నెమ్మదిగా అంది, "నువ్వు పడ్డది నాకు తెలిసింది నజ్లా. పూర్తిగా తెలిసింది. ఇంక మా ఇంటికి రాకు."

నజ్లా లేచింది. బిస్కత్తుల డబ్బా బల్ల మీదే వదిలేసింది. సలోమి ఆమె వెంట మెట్లు దిగి, బస్సు స్టాపు దాకా వెళ్ళింది. కింద సముద్రం మీద ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

"నాకు కూడా ఆవిడది చల్లార్చే ఇచ్చావా?" అంది నజ్లా.

"ఆయ్."

"మిగతాది నీ దగ్గరే ఉందా?"

"ఉంది ఖాల్తీ. అది నీకు చేరితే గానీ నన్ను వదలదట. నీదానిలాంటిదే అది. అచ్చం నీదానిలాంటిదే. నువ్వు పుచ్చుకుంటే..."

"చెప్పకు."

నజ్లా చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"ఆవిడది నాదానికన్నా చిన్నదనుకుని బతుకుతున్నాను బిన్తీ. కూతురు పోయింది, పిల్లలు పోయారు, ఆ ఊరు పోయింది. నాకు మిగిలింది ఆ ఒక్కటే. దాన్ని కూడా తీసేసుకోకు."

"మరి నేనేం చెయ్యను?"

అది ఎంత సన్నగా వచ్చిందో, బస్సు చప్పుడులో సలోమికే వినపడలేదు. నజ్లాకు వినపడింది. బస్సు తలుపు తెరుచుకుంది. నజ్లా ఎక్కి, అవతలి కిటికీ పక్క సీటు చూసుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చుంది.